విశ్వవిద్యాలయం వారి చదివింపులు

1999 జూన్ 14న నన్ను మా విశ్వవిద్యాలయంలో పూర్వ విద్యార్థుల విభాగానికి అసిస్టెంట్ రిజిస్ట్రారుగా వేశారు. అంతకుముందు పదకొండేళ్లు పరీక్షల విభాగంలో పనిచేశాను. కొత్త విభాగమంటే ఒక గది, ఒక టైపిస్టు, రెండు బీరువాలు. పని ఒక్కటే. మా దగ్గర చదివి వెళ్లినవారి నుంచి విరాళాలు తెచ్చి అమ్మాయిల హాస్టలుకు పన్నెండు గదులు కట్టించాలి.

ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి జీతాల మేరకు గ్రాంటు వస్తుంది గాని కట్టడాలకు చాలదు. అందుకని పాలకమండలి ఒక షరతు పెట్టింది. కింది అంతస్తులో ఆరు గదులు, పై అంతస్తులో ఆరు గదులు. ఒక్కో అంతస్తుకు మేము బయటినుంచి లక్షా ఎనభై వేలు తెస్తే, అంతే మొత్తం విశ్వవిద్యాలయం వేస్తుంది. పై అంతస్తుకు గడువు 2001 మార్చి 31. అది దాటితే ఆ డబ్బు వేరే పద్దుకు పోతుంది.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు వారికి 640 ఉత్తరాలు పంపాను. డ్రాఫ్టు ఎవరి పేర తీయాలో, ఆదాయపు పన్నులో మినహాయింపు ఎలా వస్తుందో అన్నీ అందులో రాశాను. మూడు నెలల్లో పదకొండు డ్రాఫ్టులు వచ్చాయి. మొత్తం రూ.7,400.

అక్టోబరులో హిందూపురం పోయి రామాంజప్పను కలిశాను. 1978లో మా దగ్గర ఎం.కాం. చదివినవాడు, చింతపండు మండీ యజమాని. నా ఉత్తరం ఆయన గల్లాపెట్టె పక్కన విప్పకుండానే ఉంది. ఆయనేమీ మొహమాటపడలేదు.

"కవర్లో పెట్టి దుడ్లు ఎవురు పంపిస్తారు మేడమ్? మేమిచ్చింది మీకు తెలుస్తాది, మా బజార్లో ఎవురికి తెలుస్తాది? చదివింపులు పెట్టండి. మైకులో పేరు చదివితే, వద్దన్నా ఇస్తారు."

పెండ్లిలో బల్ల వేసుకుని కూర్చుని, ఎవరు ఎంత ఇచ్చారో ఊరు, పేరు, మొత్తం పైకి చదివినట్టు చదవాలని ఆయన ఉద్దేశం. మా ఫైనాన్స్ ఆఫీసరు సుబ్బారావు గారిది కృష్ణా జిల్లా. "ఇది విశ్వవిద్యాలయమా, పెళ్లిపందిరా?" అన్నారు. నేను నిబంధనలు తీసి చూపించాను. విరాళానికి అప్పటికప్పుడు రసీదు ఇవ్వాలి, మరుసటి పనిదినాన బ్యాంకులో కట్టాలి. మైకులో చదవకూడదని ఎక్కడా లేదు.

నవంబరు 21, ఆదివారం, హిందూపురంలో ఒక కల్యాణ మండపంలో సభ జరిగింది. ఊళ్లో పెండ్లిళ్లన్నింటికీ చదివే నారాయణప్పనే పిలిపించాం. 516 తెచ్చినవాళ్లు పక్క దుకాణంవాడిది 1,116 అని వినగానే మళ్లీ జేబులో చెయ్యి పెట్టారు. రామాంజప్ప 10,116 చదివించాడు. సాయంత్రానికి రూ.1,84,308 వచ్చింది. కింది గదులు 2000 జులై 3న తెరిచాం. గదికి ముగ్గురు చొప్పున పద్దెనిమిది మంది చేరారు. ప్రతి తలుపు మీదా ఆ గదికి ఇచ్చినవారి పేర్లు రాయించాం.

జులై చివర్లో ఒక శుభలేఖ వచ్చింది. రామాంజప్ప కూతురి పెండ్లి, ఆగస్టు 20, మగపెండ్లివారి ఊరు పెనుకొండలో. కవరు మీద "విశ్వవిద్యాలయం వారికి, సకుటుంబ సపరివార సమేతంగా" అని ఉంది. ఇన్‌వర్డు సెక్షన్‌వాళ్లు ముద్ర వేసి, నంబరిచ్చి, "ఫైలు చేయవచ్చు" అని రాసి పంపారు. రెండు వారాల్లో ఇంకో తొమ్మిది వచ్చాయి. గృహప్రవేశాలు, నామకరణాలు, ఒక చెవులు కుట్టే వేడుక.

నేను రామాంజప్పకు ఫోను చేశాను. "చదివించుకున్నాక తిరుగు చదివింపు ఉంటాది గదా మేడమ్? మేము మీ ఇంటికొచ్చి చదివించినాం. ఇప్పుడు మీరు మా ఇంటికి రావాల" అన్నాడు. అప్పుడర్థమైంది. ఆచారంలో మాకు లాభమున్న సగం తీసుకుని రెండో సగం మరిచిపోయాం. మా లెక్కలో అది విరాళం. వాళ్ల లెక్కలో బంధుత్వం.

సుబ్బారావు గారు పగలబడి నవ్వారు. "సకుటుంబమంటే ఎవరండీ? రిజిస్ట్రారు గారు మనకు పెదనాన్నా?" అన్నారు. తరువాత గట్టిగా చెప్పారు. "దాతకు తిరిగి ఒక్క రూపాయి ఇచ్చినా ఆడిట్‌వాళ్లు మీ జీతంలోంచి వసూలు చేస్తారు." ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

కాని పై అంతస్తు కోసం సెప్టెంబరు 24న ధర్మవరంలో సభ పెట్టి ఉన్నాం. అక్కడ పట్టుచీరల వ్యాపారం చేసే పద్మావతమ్మ, మా పాత ఎం.ఏ. విద్యార్థిని, దానికి పెద్ద. ఆమె ఫోను చేసింది. "మేడమ్, పెనుకొండ పెండ్లికి మీరు వస్తాండారా లేదా? మా వాళ్లంతా అదే చూస్తాండారు. మీరు రాకపోతే ఈడ ఎవురూ చెయ్యి విదల్చరు."

అదే వారం హనుమంతరాయప్ప అనే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. అమరాపురం దగ్గర గొర్రెలు మేపుకునే మనిషి. కూతురు సునీతకు ఎం.ఎస్సీ.లో సీటొచ్చింది, హాస్టల్లో చోటు రాలేదు. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఆ పిల్లదే. ధర్మవరంలో మేనత్త ఇంట్లో ఉంటూ రోజూ రైల్లో వచ్చిపోతోంది.

"రూము వస్తాదా రాదా, అది చెప్పమ్మా. రాదంటే ఈ పొద్దే పిలుచుకొని పోతా. మా చెల్లెలింట్లో ఎన్ని దినాలని పెట్టేది?"

పై అంతస్తు మంజూరైతే, అది పూర్తయ్యేదాకా కింది గదుల్లో నాలుగో మంచం వేయడానికి వార్డెను ఒప్పుకుంది. మంజూరు కాకపోతే లేదు. తేదీ లేకుండా మాట్లాడటం నాకు అలవాటు లేదు. సెప్టెంబరు 24 దాటాక చెప్తానన్నాను. "సరే, అందాక చూస్తా" అని వెళ్లిపోయాడు.

నేను రిజిస్ట్రారు గారి దగ్గర ఆన్ డ్యూటీ సంతకం చేయించుకుని పెనుకొండ పోయాను. ముందు రోజు హాస్టలుకు వెళ్లి, రామాంజప్ప పేరున్న నాలుగో గది అమ్మాయిలను అడిగి, వాళ్లు సరేనన్నాక ఒక కాగితం రాసుకున్నాను. మండపంలో చదివింపుల బల్ల దగ్గర నారాయణప్పే ఉన్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"అంకె యాడుండాది మేడమ్?"

"అంకె లేదప్పా. ఉన్నది చదువు."

ఆయన గొంతు సవరించుకుని చదివాడు. "విశ్వవిద్యాలయం వారి చదివింపులు! రామాంజప్ప గారిచ్చిన దాంతో కట్టిన నాలుగో గదిలో ముగ్గురు ఆడపిల్లలు. రొళ్ల నుంచి ఎం.కాం. ఒకరు, మడకశిర నుంచి ఎం.ఎస్సీ. ఒకరు, లేపాక్షి నుంచి ఎం.ఏ. ఒకరు. వెరసి ముగ్గురు... పదహార్లు!" అలవాటుకొద్దీ అనేసి నాలుక కరుచుకున్నాడు. మండపమంతా నవ్వింది.

రామాంజప్ప పందిట్లోంచి పరుగున వచ్చాడు. "మా వియ్యంకులకు ఇనపల్లేదు, ఇంగోసారి చదువప్పా. పదహార్లు లేకుండా!" రెండోసారి చదివించాడు. అంతలో హిందూపురం సభలో చదివించిన ఇనుపసామాను కొట్టు ఆయన భోజనం బంతిలోంచే కేకేశాడు. "మేడమ్, మా గదిలో ఎవురుండారు?"

"మీది రెండో గది. ముగ్గురున్నారు. తలుపు గడియ సరిగా పడటం లేదని ఫిర్యాదు వచ్చింది" అన్నాను.

"మా పేరు రాసిన తలుపుకు గడియ పడలేదా? పరువు పోయింది! రేపే పంపిస్తా." మంగళవారం గడియ వచ్చింది. ఒకటి కాదు, ఆరు. వస్తురూప విరాళంగా స్టాకు రిజిస్టరులో ఎక్కించి రసీదు పంపాను.

పద్మావతమ్మ చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. "ఇరవై నాలుగున మా ఊరికి రండి. మా కోడలి సీమంతం కార్తీకంలో ఉండాది. ఇప్పుడే చెప్తాండా, మళ్లీ తెలీదనొద్దు."

ధర్మవరం సభలో రూ.2,06,540 వచ్చింది. 25న బ్యాంకులో కట్టాం. అక్టోబరు 9న పై అంతస్తు మంజూరు ఉత్తర్వు వచ్చింది, 11న కింది గదిలో నాలుగో మంచం వేయించి సునీతను చేర్చుకున్నాం. పెట్టె దించడానికి వచ్చిన హనుమంతరాయప్ప నా గదికి వచ్చి నిలబడ్డాడు.

"మేమేమీ చదివించల్యా. మా ఊరి జాతరకు పిలిస్తే యూనివర్సిటీ వాళ్లు వస్తారామ్మా?"

వస్తానన్నాను, పోయాను కూడా. ఆ ప్రయాణానికి మాత్రం బస్సు ఛార్జీ ఆఫీసులో పెట్టలేదు, ఆయన దాత కాడు గనక.

2007లో పదవీ విరమణ చేసేలోగా ఆ మూడు ఊళ్లలో యాభై మూడు శుభకార్యాలకు వెళ్లి అలాంటి కాగితాలు చదివించాను. వాటికి "తిరుగు చదివింపులు" అనే ఫైలు ఉండేది. ఆడిట్‌వాళ్లు ఒకసారి తెప్పించుకుని, అందులో డబ్బు ఎక్కడా లేదని చూసి, తిప్పి పంపారు. 2006లో హిందూపురం సభలో చదివిన పేర్లలో సునీతది ఒకటి, జూనియర్ లెక్చరరు, రూ.1,116. రసీదు నేనే రాశాను.

విరాళాల పనికి కొత్తగా వచ్చేవారికి నేను చెప్పేది ఇంతే. రసీదుతో లెక్క ముగుస్తుంది గాని పని ముగియదు. ఇచ్చినవారి ఇంటికి వెళ్లి, ఇచ్చింది ఏమైందో వాళ్ల బంధువుల ముందర చెప్పి రావాలి. అది చేసిన ఊళ్లో రెండోసారి అడగడానికి నాకు ఉత్తరాలు అవసరం కాలేదు.