గంట కొట్టని పిల్ల

బడిలో ఆమెకు పిల్లలు పెట్టిన పేరు తర్వాతమ్మ. పదకొండో తరగతి పిల్లలు ఎదురుపడితే చాలు, "పన్నెండు అయిపోతుంది సరే, తర్వాత?" అని నిలదీసేది. "డాక్టరునవుతా టీచర్" అంటే, "సీటు రాకపోతే? తర్వాత?" అనేది. "మా వాళ్లు పెళ్లి చేసేస్తారంట" అని ఒకతె గునిసింది. "చేసుకో, ఎవరొద్దన్నారు? తర్వాత?" అంది. ఆ పిల్ల ఇప్పుడు సొంతంగా మందుల కొట్టు నడుపుతోంది. ఈ సంగతి తర్వాతమ్మ అడిగినవాళ్లకూ చెబుతుంది, అడగనివాళ్లకూ చెబుతుంది.

చెప్పుకోదగ్గ బతుకే ఆమెది. ఒకే గది, ఒకే పంతులు ఉన్న పల్లెబడిలో ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకుంది. పై చదువుకు గట్ల వెంట నడిచి, వాగు దాటి, ఒంటరిగా వెళ్లొచ్చింది. ఆ ఊళ్లో పన్నెండో తరగతి గట్టెక్కిన తొలి ఆడపిల్ల ఆమే. తమ్ముళ్లిద్దరినీ చదివించి ఒడ్డున పడేసిందీ ఆమే. ఈ పట్నం బడికి లెక్కల టీచరుగా వచ్చాక, ఎవరూ అడక్కుండానే పిల్లలకు దారి చూపే పని నెత్తికెత్తుకుంది. ఆమె చేతి కింద నుంచి వెళ్లినవాళ్లలో నర్సులున్నారు, కరెంటు పనివాళ్లున్నారు, వకీలు ఉన్నాడు, ఓడ మీద వంట చేసేవాడూ ఉన్నాడు. "నా పిల్లల్లో దారి తప్పినవాడు ఒక్కడుంటే చూపించండి" అని స్టాఫు గదిలో సవాలు విసిరేది. ఎవరూ నోరు మెదిపేవారు కాదు. మెదిపితే మొదటినుంచి మళ్లీ చెబుతుందని భయం.

ఆమె పెట్టిన ఆచారం ఒకటుంది, ఒంటరి రోజు. పన్నెండులోకి అడుగుపెట్టే ముందు ప్రతి పిల్లా పట్నంలో పనిచేసే ఒక మనిషిని ఎంచుకుని, ఒక రోజంతా వాళ్ల వెంట ఉండాలి. ఇంట్లోవాళ్లు దిగబెట్టకూడదు. దారి తామే అడుగుతూ పోవాలి. ఫోన్లు బడి వాచ్‌మన్ తాత దగ్గర పెట్టి వెళ్లాలి. అన్నిటికన్నా పెద్ద రూలు, ఆ మనిషి డ్యూటీ దిగేదాకా పిల్ల కదలకూడదు. "పనంటే ఎక్కడం కాదర్రా, దిగడం. సగంలో లేచొచ్చినవాడికి ఏం తెలుస్తుంది, బూడిద?" అనేది. సాయంత్రం తిరిగొచ్చినవాళ్లు బడి గంట ఒక్క దెబ్బ కొట్టి ఇంటికి పోవాలి. ఇన్నేళ్లలో గంట కొట్టని పిల్ల లేదని ఆమె గొప్ప. ఆ గొప్ప అబద్ధం కాదు.

ఆ ఏడాది పదకొండో తరగతిలో ఒక పిల్ల ఉండేది. మాట పెదవి దాటేది కాదు. అందరూ గుసగుస అని పిలిచేవాళ్లు. ఒంటరి రోజుకు ముందునాడు కూడా ఆ పిల్ల ఎవరినీ ఎంచుకోలేదు.

"అందరూ ఏదో ఒక కొమ్మ పట్టుకున్నారు. నువ్వేంటే, చూరుకు వేలాడే గబ్బిలంలా?" అంది తర్వాతమ్మ.

పిల్ల ఏదో గొణిగింది.

"గట్టిగా చెప్పవే, నోట్లో రాళ్లున్నాయా?"

"తర్వాత అంటే భయమేస్తోంది టీచర్. నిద్ర పట్టట్లేదు."

"భయమా! నీ వయసులో నేను వాగు దాటాను తెలుసా? భయపడుతూ కూర్చుంటే ఆ వాగులోనే కొట్టుకుపోయేదాన్ని."

తరగతి నవ్వింది. వాగు కథ వాళ్లకు కంఠతా వచ్చు. గుసగుస నవ్వలేదు.

"రైలు గేటు వేసి తీసే అక్క ఉంది, ఒకప్పటి నా శిష్యురాలే. అక్కడికి పో. రోజంతా రైళ్లు చూస్తే నీ భయం అదే పారిపోతుంది" అని తర్వాతమ్మే తేల్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి తడిసిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గంట కొడుతున్నారు. బేకరీకి వెళ్లినవాడు బిస్కెట్లు పంచాడు. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినదాన్ని, కడుపులో తిప్పి ఆ డాక్టరు కుర్చీలోనే పడుకోబెట్టారట. తర్వాతమ్మ వరండాలో నిలబడి అందరి కబుర్లూ వింటూ మురిసిపోయింది. వాళ్లందరూ వెళ్లిపోయాక వాచ్‌మన్ తాత గంట కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఒక దెబ్బ తక్కువైందమ్మా."

"సరిగ్గా విన్నావా తాతా?"

"చెవులు ముసలివే గానీ, గంటకు కాదమ్మా. ఆ గుసగుసమ్మ ఫోను నా దగ్గరే ఉండిపోయింది."

తర్వాతమ్మ గేటు అక్కకు ఫోను చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. అదే. వానకు ఎక్కడో ఆగుంటుందిలే అని తాతతో అంది. ఆ మాట తనకే అతకలేదు.

అంతలో ఆ పిల్ల తల్లి వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మనిషి. చీర మీద దారప్పోగులు అలాగే ఉన్నాయి, గొడుగు మాత్రం లేదు.

"మా పిల్ల ఇంకా ఇంటికి రాలేదు టీచరమ్మా. ఎక్కడికి పంపారు?"

"గేటు దగ్గరికేనమ్మా."

"ఏ గేటు?"

"రైలు గేటు."

ఆ తల్లి మొహంలో రంగు పోయింది. "రాత్రి నన్ను లేపి అడిగింది. అమ్మా, నేనేమీ కాలేకపోతే నీకు బరువవుతానా అని. పొద్దున్నే లేవాలి, పిచ్చి ప్రశ్నలాపి పడుకోమన్నాను. పొద్దున అన్నం ముట్టకుండా పోయింది" అంది.

నిన్న తరగతి నవ్విన నవ్వు ఇప్పుడు తర్వాతమ్మ చెవిలో గింగురుమంది.

"పద" అంది. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకోలేదు.

మునిచీకటి పడుతోంది. రోడ్డు మీద కాలువ పొంగి బళ్లేవీ రావడం లేదు. ఇద్దరూ పట్టాల పక్క కాలిబాట పట్టారు. కంకర మీద కాలు జారుతోంది. లెక్కల టీచరు కదా, ఏ లెక్క వేసినా ఒక్క జవాబే వస్తోంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కీడెంచడం అయిపోయింది, మేలు ఎంచుదామంటే బుర్ర కదలడం లేదు. పట్టాల మధ్య నల్లగా ఏదో కనిపించింది. ఆమె ఆగిపోయింది. తల్లి పరుగెత్తి చూసి, "గోనెసంచి" అంది. ఆ మాట చెప్పి అక్కడే కూలబడింది. తర్వాతమ్మ రెక్క పట్టుకుని లేపింది.

ఎదురుగా సైకిలు తోసుకుంటూ ఒకాయన వచ్చాడు.

"అన్నా, గేటు దగ్గర ఒక ఆడపిల్ల కనిపించిందా?" అని తల్లి అడిగింది.

"ఏమోనమ్మా. జనం గుంపుగా ఆగిపోయున్నారు, గేటు తియ్యడం లేదు. ఏం జరిగిందో ఏమో. నేను వెనక్కి తిరిగొచ్చేశా" అని ఆయన సాగిపోయాడు.

ఏమీ జరగదు, నేనున్నాగా అని తర్వాతమ్మ ఎంతమంది తల్లులకు చెప్పిందో. ఈ తల్లికి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

గేటు కనిపించింది. ఈ వైపు అంతకుముందే వచ్చి ఆగిపోయిన బళ్లు, మనుషులు, గొడుగులు. గుంపును తోసుకుని ఇద్దరూ అడ్డకర్ర దాకా వెళ్లారు. పట్టాలకు అవతల గేటు గది, గది ముందు చిన్న గట్టు. పట్టాలకు బాగా దగ్గరగా, పాలిపోయిన నీలం యూనిఫారంలో గుసగుస నిలబడి ఉంది. ఒంటరిగా.

"అమ్మడూ!" అని తల్లి అరిచింది.

రైలు కూత ఆ అరుపును మింగేసింది. పిల్ల ఇటు చూడలేదు. రైలు వచ్చే వైపే చూస్తోంది. ఒక అడుగు వేసింది. ముందుకో పక్కకో ఆ వానలో తెలియలేదు. తర్వాతమ్మ అడ్డకర్ర కింద దూరబోతే వెనక నుంచి ఎవరో భుజం పట్టి లాగారు. "చావాలనుందా పెద్దమ్మా?" అని కసిరారు.

గూడ్సు బండి వచ్చేసింది.

ఇంజను దాటింది. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె. నేల అదురుతోంది. రెండు పెట్టెల సందులో అవతలి దీపం మిణుక్కుమని కనిపిస్తుంది, మనిషి కనిపించేలోగా ఇంకో పెట్టె అడ్డం వస్తుంది. తల్లి కళ్లు మూసుకుంది. తర్వాతమ్మ మూసుకోలేదు. మూసుకుంటే ఆ పిల్లను తానే వదిలేసినట్టవుతుందని ఆమెకు అనిపించింది. వాగు దాటిన నాడు కూడా కాళ్లు ఇలాగే తేలిపోయాయి. ఆ ముక్క కథలో ఎప్పుడూ చెప్పలేదు.

చివరి పెట్టె పోయింది.

పిల్ల అక్కడే ఉంది. చేతిలో రైలుకు చూపే పచ్చదీపం. గదిలోంచి వచ్చిన గేటు అక్క గేటు ఎత్తే చక్రం దగ్గరికి నడుస్తోంది.

గేటు లేచింది. తల్లి వెళ్లి పిల్లను వాటేసుకుని, తర్వాత వీపు మీద రెండు తగిలించి, మళ్లీ వాటేసుకుంది. తర్వాతమ్మ అవతలికి చేరేసరికి ఊపిరి అందడం లేదు.

"ఎందుకు రాలేదే? ప్రాణాలు తోడేశావు కదే!"

పిల్ల బిత్తరపోయింది. "అక్క డ్యూటీ దిగలేదు కదా టీచర్. దిగేదాకా కదలకూడదని మీరేగా చెప్పారు."

"నా తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన రిలీవరు రాలేదు టీచర్, కాలువ పొంగిందంట. పొమ్మని చెప్పాను, వినదే. నేనూ ఒకప్పుడు ఒంటరి రోజు చేసినదాన్నే, మీ రూలు సంగతి నాకు తెలీదా? పైగా చీకట్లో పట్టాల వెంట ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు" అంది గేటు అక్క.

"ఆ ఫోను ఆపి చచ్చావెందుకు?"

"డ్యూటీలో ఆపెయ్యాలి టీచర్. అదీ రూలే. గదిలో ఉన్న ఫోను స్టేషనుకు తప్ప కలవదు. గూడ్సు సిగ్నల్ దగ్గరే ఆగిపోయి గేటు తియ్యనివ్వలేదు, జనం నన్ను తిట్టని తిట్టు లేదు. మీరూ తిట్టండి."

తర్వాతమ్మ తిట్టలేదు. గదిలో ఉన్న ఒకే స్టూలు మీద కూలబడింది. పిల్ల గ్లాసుతో నీళ్లిచ్చింది. పట్టుకుంటే సగం నీళ్లు ఒళ్లో ఒలికాయి.

"భయమేసిందా టీచర్?"

గేటు అక్క అటు తిరిగి దీపం తుడుస్తోంది. తల్లి చూస్తోంది.

"వేసింది. ఇంకా వేస్తోంది" అంది తర్వాతమ్మ.

రిలీవరు మోకాళ్ల దాకా బురదతో వచ్చేవరకూ నలుగురూ ఆ ఇరుకు గదిలోనే ఉన్నారు. లేవమని ఎవరూ అనలేదు. ఇంకో రైలు వస్తే పిల్ల బయటికి వెళ్లి అక్క పక్కన నిలబడింది. తర్వాతమ్మ ఈసారి తలుపు దగ్గరికి వచ్చి, ఆ పిల్ల కొంగలా మెడ చాచి నిలబడటం చూసింది. కాళ్లు వణుకుతున్నాయి ఆ పిల్లకి. నిలబడే ఉంది.

తిరిగి వస్తుంటే దారిలో పిల్లే అంది. "పన్నెండు పాసైతే ఈ ఉద్యోగానికి పరీక్ష రాయొచ్చంట టీచర్. నాకు మాత్రం వద్దు. రైలు వచ్చిన ప్రతిసారీ ప్రాణం పోయినట్టుంది."

"మరి..." అని తర్వాతమ్మ నోరు తెరిచింది. అలవాటైన మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"ఇంకో రెండు మూడు చోట్లకు వెళ్లి చూస్తా. ఒక్కదాన్నే కాకుండా, ఎవరైనా తోడొస్తే" అంది పిల్ల.

"నేనొస్తాలే" అంది తర్వాతమ్మ.

బడి గేటు దగ్గర వాచ్‌మన్ తాత లాంతరు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ముగ్గురినీ చూసి గంట కర్ర పిల్ల చేతికిచ్చాడు. గుసగుస కొట్టిన దెబ్బకు వీధి చివర కుక్క మొరిగింది.

పిల్ల కర్రను టీచరు ముందుకు చాచింది. "మీరూ కొట్టండి టీచర్. మీరూ వెళ్లొచ్చారుగా."

తర్వాతమ్మ కొట్టింది. చెయ్యి ఇంకా కుదురుకోలేదు, దెబ్బ పక్కకు పోయింది. గంట సరిగ్గా మోగలేదు.