బొగ్గు ఆకలి

బొగ్గులక్కకు ఆ పేరు మొదట ఎగతాళిగానే వచ్చింది. ఆవిడ వడ్రంగి భార్య. భర్త కొట్టు వెనక పెరట్లో చెక్క ముక్కలు గుట్టలుగా పడి ఉండేవి. అక్కడ గొయ్యి తవ్వి మంట పెట్టడం మొదలుపెట్టాక ఆవిడ చేతులు శుభ్రంగా ఉండగా ఎవరూ చూడలేదు. "ఏమ్మా, మొహానికి రాసుకోవడానికి మసే దొరికిందా?" అని వీధిలోవాళ్లు నవ్వితే, "చౌకగా వస్తుంటే వదులుకుంటామా!" అని తనూ నవ్వేసేది.

వాళ్లకు ఊరి చివర కాస్త నేల ఉంది. భర్తకూ, ఆయన తమ్ముడికీ చెరి సగం. కాలవ పక్క మూల కాస్త నల్లమట్టి తప్ప, అంతా వట్టి ఇసుక నేల. పొద్దున తడిపితే మధ్యాహ్నానికల్లా జల్లెడలో పోసినట్టు నీళ్లన్నీ దిగిపోయేవి. వేసిన ఎరువును వానలు కడిగేసేవి. పెద్దకోడలైన బొగ్గులక్క, ఆవిడ తోటికోడలు ఆ నేలతోనే ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు.

ఒకసారి మట్టి పరీక్షల ఆఫీసు అమ్మాయి రైతులను కూర్చోబెట్టి కొత్త సంగతి చెప్పింది. గాలి ఎక్కువ తగలకుండా కాల్చిన కట్టె బొగ్గును పొడి చేసి మట్టిలో కలిపితే, దాని సన్నని రంధ్రాల్లో తడి నిలుస్తుందట. కంటికి కనబడని జీవాలెన్నో అందులో కాపురం పెడతాయట. ఆ కాపురం అన్న మాట బొగ్గులక్క మనసుకు పట్టేసింది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళయిందని మిగతాది వినకుండానే లేచి వచ్చేసింది.

కొట్టులో చెక్కకు కొదవ లేదు. రంగు పూసిన ముక్కలను మాత్రం భర్తే ఏరి పక్కన పడేసేవాడు. "ఆ విషం మట్టిలోకి పోతే మళ్లీ మన నోట్లోకే కదే వచ్చేది" అనేవాడు. మంట తగ్గి నిప్పుల మీద బూడిద తొంగిచూడగానే ఆవిడ కుండలకొద్దీ నీళ్లు కుమ్మరించేది. గొయ్యి బుసబుసలాడేది.

తొలి విడత బొగ్గు ఒక్క మడికే సరిపోయింది. "ముందు నీ మడికే వేద్దాం చెల్లీ" అంది తోటికోడలితో. మంచి జరిగితే ముందు చిన్నదానికే జరగాలని ఆవిడ ఆశ.

జరిగింది వేరు. ఆ మడిలో టమాటా మొక్కలు నాటిన కొన్నాళ్లకే పాలిపోయి, పసుపుపచ్చగా మారి, ఎదుగూ బొదుగూ లేకుండా నిలబడిపోయాయి. పక్కనే బొగ్గు వెయ్యని బొగ్గులక్క మడి ఎప్పటిలాగే ఉంది. చిన్నకోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ప్రయోగానికి నా నేలే దొరికిందా అక్కా?"

అంతే, మాటలు ఆగిపోయాయి. ఒకే వీధిలో ఎదురుపడ్డా తల తిప్పుకుని వెళ్లిపోయేది.

బొగ్గులక్కకు రెండు రోజులు ముద్ద దిగలేదు. తర్వాత ఆ మట్టిని గుడ్డలో మూటగట్టుకుని ఆఫీసు అమ్మాయి దగ్గరికి వెళ్లింది.

"బొగ్గును ముందు పేడ నీళ్లలో నానబెట్టారా?" అని అడిగిందా అమ్మాయి.

"అదెప్పుడు చెప్పారు?"

"మీరు లేచి వెళ్లాక చెప్పానండీ. పచ్చి బొగ్గు ఆకలి మీద ఉంటుంది. మీరు వేసిన ఎరువును ముందు అదే పట్టేసుకుంటుంది. ఇక మొక్కకేం మిగులుతుంది? కడుపు నింపి వెయ్యాలి దాన్ని."

"వేసేశాను కదమ్మా. ఇప్పుడెలా?"

"వెనక్కి తియ్యలేం. మాగిన ఎరువు, పేడ నీళ్లు పైనుంచి పోస్తూ ఉండండి. ముందు చిక్కుడు వెయ్యండి, నేలకు బలం. ఓపిక పట్టాలి."

బొగ్గులక్క ఇంటికి రాలేదు. నేరుగా తోటికోడలి గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. "నీ మడి నేను చేస్తాను, నా మడి నువ్వు చేసుకో. బాగుపడ్డాక తిరిగిచ్చేస్తా" అంది. తోటికోడలు మర్నాడు పార తీసుకుని పెద్దకోడలి మడిలోకి దిగింది.

సంగతి తెలిసి భర్త గొణిగాడు. "నన్నొక మాట అడగాల్సింది."

"అడిగితే ఏమనేవారు?"

"సరే అనేవాణ్ణి."

"మరి అడగడం దేనికండీ?"

ఆ ఏడాది ఆవిడ పడ్డ పాట్లు చూసినవాళ్లు ఇక నవ్వలేదు. పాల డెయిరీ నుంచి పేడ మోసుకొచ్చి, పీపాలో కలిపి, కడవతో మొక్క మొక్కకూ పోసేది. కంపు భరించలేక పక్క చేలవాళ్లు ముక్కు మూసుకునేవారు. చిక్కుడు అంతంతమాత్రంగా కాసింది. కోత అయ్యాక పాదులను అక్కడే కోసి మట్టిలో కలిపేసింది. ఒకరోజు పెళ్ల విరిచి చూస్తే, బొగ్గు పలుకు చుట్టూ తెల్లని దారాల్లా బూజు అల్లుకుని ఉంది. ఆ పలుకును పట్టుకుని ఒక సన్నటి వేరు. పక్కనే వానపాము. ఆ మడిలో వానపామును చూడటం ఆవిడకు అదే మొదలు. గబగబా మట్టి కప్పేసింది, ఎండ తగులుతుందేమోనని.

మరుసటి పంటకు టమాటా వేసింది. పూత సమయంలో వానలు మొహం చాటేశాయి. చుట్టూ మొక్కలు మధ్యాహ్నానికే తలలు వాల్చేస్తుంటే, ఈ మడి సాయంత్రం దాకా నిటారుగా నిలిచింది. కాపు ఇబ్బడిముబ్బడేమీ కాదు, మునుపటికంటే బాగా నయం. కాలవ పక్క మూల నల్లమట్టిలో మాత్రం బొగ్గు వేసినా తేడా ఏమీ లేదు. ఆ మాటా ఆవిడే అందరికీ చెప్పింది.

కోతల రోజున తోటికోడలు వచ్చి గట్టు మీద నిలబడింది. కాసేపటికి కిందికి దిగి, గుప్పెడు మట్టి తీసి పిసికి చూసింది. తడి వేళ్లకు అంటింది.

"ఇది నా మడేనా అక్కా?"

"నీదే. మాటిచ్చాను కదా, తీసుకో."

"మరి నీకు?"

"నాది ఉందిగా, నువ్వు చేస్తున్నది."

తోటికోడలు గంప అందుకుని, ఆవిడ పక్కనే కూర్చుని కాయలు కొయ్యడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఇద్దరూ కలిసే గొయ్యి కాలుస్తారు. బొగ్గు కావాలని వచ్చినవాళ్లను బొగ్గులక్క ముందు వాళ్ల మట్టి తెమ్మంటుంది. తనకు తెలియకపోతే ఆఫీసు అమ్మాయి దగ్గరికి పంపుతుంది. మొన్న పూలతోటాయన తెచ్చిన మట్టిని వేళ్లతో నలిపి, వాసన చూసి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టేసింది.

"బంగారంలా ఉందండీ. దీనికి నా బొగ్గెందుకు? వెళ్లి హాయిగా మొక్కలు పెట్టుకోండి."