మూడో ప్రకటన

రాయపూర్‌లో ఒక కాలేజీలో హెలెన్ ఇంగ్లండ్ చరిత్ర చెబుతుంది. నాలుగు వందల ఏళ్ల కిందట అక్కడి ప్రభువుల ఇళ్లలో పెళ్లంటే రెండు ఆస్తులు కలవడమే. అంతవరకూ చెప్పి ఊరుకోదు. "ఆ దొరసానుల్ని చూసి అయ్యో పాపం అనకండి. మొగుళ్లు పోయాక వాళ్లే సంబంధాలు కుదిర్చారు. నచ్చనివి చెడగొట్టారు కూడా" అంటుంది.

ఇదంతా ఆమె పుస్తకాల్లోనే నేర్చుకుందనుకుంటే పొరపాటు. తండ్రి రత్నం రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన పోయాక తల్లి రూతమ్మ నర్సు ఉద్యోగం మీద హెలెన్‌ని చదివించింది. ఆ వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ గోడకవతల రత్నం కట్టిన ఇల్లొకటుంది. అది పరాయివాళ్ల పాలు కాకూడదని మేనమామ క్రిస్టోఫర్, హెలెన్ ఉయ్యాలలో ఉండగానే, ఆమెని తన కొడుకు శామ్సన్‌కి ఖాయం చేసేశాడు. దానికి ప్రేమని పేరు పెట్టాడు. ఇంగ్లండు ప్రభువులూ అలాంటి పేర్లే పెట్టేవారు.

హెలెన్ మాత్రం భన్‌పురిలో లారీ బాడీలు కట్టే రవిని చేసుకుంటానంది. అతనిదీ వీళ్ల తెలుగు సంఘమే, వీళ్ల చర్చే. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పాస్టరుగారు ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరముంటే చెప్పమంటారు. రెండుసార్లు చదివారు. మూడోసారి లేచి అడ్డుపడతానని క్రిస్టోఫర్ కాలనీ అంతా చాటాడు.

రూతమ్మ కూతుర్ని లోపలికి పిలిచింది. "ఛుప్‌చాప్‌గా రిజిస్ట్రారు దగ్గర కానిచ్చేద్దామే. చర్చిలో ఈ తమాషా మనకెందుకు?"

"డబ్బున్న దొరలు బిషప్పు దగ్గర పెళ్లి లైసెన్సు కొనుక్కుని ఈ ప్రకటన తప్పించుకునేవాళ్లమ్మా. పదిమందిలో పేరు చదివించుకుంది మనలాంటోళ్లు. ఇప్పుడు నేను దాక్కుంటే తప్పు చేసినట్టే కదా?"

"నీ దొరలూ, నీ గోలానూ! మీ మామయ్య లేస్తేనో?"

"లేవనీ."

మూడో ఆదివారం చర్చి నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్లు కూడా ముందు వరుసల్లో కూర్చున్నారు. భక్తితో కాదని వేరే చెప్పక్కర్లేదు.

"కీర్తిశేషులు రత్నంగారి కుమార్తె హెలెన్..." అని పాస్టరుగారు చదువుతుంటే హెలెన్ తల దించలేదు. తండ్రి పేరు ఆ గోడల మధ్య అంత గట్టిగా వినబడి ఎన్నాళ్లయిందో.

"ఇది మూడో ప్రకటన. అభ్యంతరమున్నవారు ఇప్పుడే తెలియజేయవలెను."

క్రిస్టోఫర్ లేచాడు. ఇరవై ఏళ్లుగా ఆ చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. ప్రకటనల తర్వాత వచ్చేది పాటే.

ఆయన గొంతు సవరించుకునే లోపే ఆడవాళ్ల వైపు నుంచి రూతమ్మ లేచింది. రిజిస్ట్రారు దగ్గరికి పోదామన్న రూతమ్మే.

"లేచావు కదా అన్నయ్యా, ఇక పాటెత్తుకో. అందరూ నీకోసమే చూస్తున్నారు."

చర్చంతా పాటల పుస్తకాలు తెరిచిన చప్పుడు. క్రిస్టోఫర్ చెల్లెలి వంక చూశాడు, హార్మోనియం వంక చూశాడు. అన్నేళ్లుగా అక్కడ నిలబడితే పాట తప్ప వేరేది పలకని గొంతు అది. పాడాడు. మొదటి చరణంలో శ్రుతి తప్పింది. హెలెన్ గొంతు కలిపి నిలబెట్టింది.

బయటికొచ్చాక ఆయన చెప్పులు వెతుక్కుంటూ గొణిగాడు. "పాట టైమని వదిలేశా, లేకపోతేనా!"

"పెళ్లిలో కూడా నువ్వే పాడాలి మామయ్యా."

"ఏం పాటో ముందే చెప్పి ఏడువు మరి. ప్రాక్టీసు చేసుకోవద్దూ?"