పంతులుగారి ఊ

మా వీధి పంతులుగారు క్రిందటి వారం కన్నుమూశారు. ఆ సమయానికి పక్కన ఉన్నది నేనొక్కణ్ణే. అయినా ఏ తిథిన పోయారని అడిగితే ఇప్పటికీ తడబడుతున్నాను.

తిరువూరు చుట్టుపక్కల పెళ్లికైనా, పొలంలో బోరు వేయడానికైనా ఆయన చెప్పిందే ముహూర్తం. నాకు బడి చదువు తక్కువ. దుకాణం పుస్తకంలో తారీఖు పక్కన తిథి రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకి అదే రాసుకో. పోయిన మనిషికి మాత్రం ప్రాణం పోయిన నిమిషానిదే తిథి. తద్దినం దాన్నిబట్టే" అనేవారు.

తన ఇంటి గోడ గడియారాన్ని ఆయనే ముందుకు తిప్పి పెట్టారు. ఎ.కొండూరు రైతు ఒకాయన "ఎంత ముందుందో చెప్పండి పంతులుగారూ" అని అడిగాడు.

"చెబితే అంత ఆలస్యంగా వస్తావు. ముహూర్తమేమైనా బస్సా, చెయ్యెత్తితే ఆగడానికి?"

ఆయనకి చూపు తగ్గాక రోజూ నేనే వెళ్లి పంచాంగం చదివేవాణ్ణి. కళ్లు మూసుకుని ప్రతి మాటకీ ఊ కొట్టేవారు. తప్పు చదివితే ఊ వచ్చేది కాదు. మళ్లీ చదవాలి.

ఆ రోజు సరుకు దింపించుకుని ఆలస్యంగా వెళ్లాను. "దశమి పగలు పదకొండూ అయిదు వరకు" అన్నాను. ఊ అన్నారు. "తరువాత ఏకాదశి" అన్నాను. ఊ రాలేదు. తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాను. అప్పుడు తలెత్తి చూశాను.

గడియారంలో పదకొండూ ఇరవై అయిదు. తరువాత నా ఫోనుతో పోల్చి చూస్తే అది పన్నెండు నిమిషాలు ముందుంది. అంటే నేను గడియారం చూసింది పదకొండూ పదమూడుకి. ఎన్నిసార్లు చదివానో, ఎంతసేపు చెయ్యి పట్టుకుని కూర్చున్నానో నాకు తెలియదు. రోజూ అన్నీ రాసుకునేవాణ్ణి, దశమి వెళ్లాక గడిచిన ఆ ఎనిమిది నిమిషాలకు నా దగ్గర లెక్క లేదు.

వీధిలో అందరూ "ఏకాదశి మరణం, పుణ్యాత్ముడు" అన్నారు. ఆయన కొడుకు మాత్రం "తద్దినం ఏ తిథిన పెట్టాలి బాబాయ్? నువ్వే చెప్పాలి" అన్నాడు.

పంతులుగారి భార్య, అమ్మగారు, గుమ్మంలోంచి అడిగారు. "దశమి అన్నప్పుడు ఊ అన్నారా?"

"అన్నారమ్మా."

"ఏకాదశి అన్నప్పుడు?"

"అనలేదు."

"అయితే దశమే. పుణ్యం వస్తుందని తిథి జరపడం ఆయనకి గిట్టదు."

కొడుకు దశమి అని రాసుకున్నాడు. నేనూ రాసుకున్నాను. సరిగ్గానే రాశానా అని ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

గడియారాన్ని ఎవరూ సరిచేయలేదు. అమ్మగారు రమ్మన్నారని రోజూ వెళ్లి పంచాంగం చదువుతున్నాను. తిథి చదివి కాసేపు ఆగుతాను. ఊ రాదు. తప్పు చదివానేమోనని మళ్లీ చదువుతాను.