గోదాంల వెనుక వరుస

పెద్దపల్లి దగ్గర ఒక బియ్యం గోదాంల సరుకు చూసే గుమాస్తాను నేను. ఆ గోదాముకు తలుపు ఒక్కటే. కొత్త బస్తాలొస్తే ముందట ఏస్తుంటిమి, లారీ వస్తే ముందటియే తీస్తుంటిమి. వెనుక వరుస అట్లనే ఉండి పురుగు పడుతుండె. అందరికీ అదే అలవాటు, ఎవ్వలకు తప్పనిపించలే.

తొంభైలల్ల మా ఆఫీసోళ్లు ఒక కంప్యూటర్ తెచ్చి నా బల్ల మీద పెట్టిండ్రు. ముందొచ్చిన బస్తా ముందు పోవాలె, ఏది పంపాలెనో గిదే చెప్తదన్నరు. మంచి మాటే, కాదన. కానీ ఏ బస్తా ఎప్పుడొచ్చిందో దానికి ఎరుకే గని ఎక్కడున్నదో తెల్వదు. నా ఖర్మ! తెల్లారితే వెనుక వరుస తీయమంటది. దానికోసం ముందటియన్ని బయట దించాలె, మళ్ల లోపల పేర్చాలె.

హమాలీల మేస్త్రీ నా ఈడోడే. "జర మీ ఆఫీసోళ్లకు చెప్పుండ్రి సారూ, నడుము ఇరుగుతుంది" అని నవ్వుకుంటనే మోసెటోడు. నేను ఫోన్ల మీద ఫోన్లు చేసిన. చూస్తం, చేస్తం అన్నరు. యాష్టకొచ్చింది నాకు. ఒకనాడు బస్తా ఎత్తబోయి మేస్త్రీ అట్లనే కూలవడ్డడు. లేపితె నిలవడలే. పట్టుకపోయి రిక్షాల పండవెట్టినం.

గప్పుడొచ్చిండు ఆఫీసోళ్లు పంపిన, కంప్యూటర్ పని తెలిసిన పిలగాడు. ఇంకేం కావాలె అంకుల్ అనడిగిండు. ఒళ్లు మండింది. "గిసొంటిది కొనేముందు చూడాల్సింది గిదేరా నాయినా! ఏ బస్తా ఎనుక ఏది ఉన్నదో, దాన్ని తీయాలంటే ఎంత మోయాలెనో దానికి ఎరుకుండాలె" అన్న. పాపం, మంచోడు. అన్ని అడిగి రాసుకున్నడు, కంప్యూటర్ల అట్లనే మార్చిండు. తర్వాత కొత్త బస్తాలు ఏడ ఎయ్యాలెనో గూడ అదే చెప్పుడు మొదలువెట్టింది. నడుమ తొవ్వ ఇడిచి పేర్చినం. ఇటుదటు మోసుడు బందయింది.

బందయితే ఏమయింది? గింతమంది ఎందుకని, కూలికి మనుషులను పెట్టే ఠేకేదారు సగం మంది హమాలీలను తీసేసిండు. మొదలు తీసింది మేస్త్రీనే.

అతనికి గా సంగతి తెల్వదు. నడుముకు పట్టీ కట్టుకొని, కట్టె పట్టుకొని ఒకనాడు పొద్దుగాల వచ్చిండు. లోపల మోసుడు లేదట గద సారూ, ఇగ నేను చేస్త అన్నడు. చెప్పక తప్పలే, చెప్పిన. కట్టెతోని నా బల్ల మీది కంప్యూటర్‌ను చూపిండు.

"నా నడుము పోతెనే గద సారూ దానికి తెలివొచ్చింది. ఇగ నన్నే వద్దంటరా?"