అరచేతి కొలత

హన్మకొండల మా కాలేజీ వెనక వీడియో గేముల దుకాణం నడిపిన భాయ్‌కి ఒక అలవాటు ఉండె. మేం ఆడుతుంటే వచ్చి, జ్వరం చూసినట్టు కన్సోల్ మీద అరచెయ్యి ఆనించేటోడు. వెచ్చగుంటే, "నడుస్తాంది" అని పోయేటోడు.

కొత్త తరం కన్సోల్ వచ్చి ఏండ్లయినా ఆయన కొనలే. కాజీపేటల ఇంకో దుకాణపాయన తెచ్చిండని మా దోస్తులల్ల సగం మంది అటు మర్లిన్రు. కొత్తది ఎందుకు కొంటలేవని నేను ఉండబట్టక అడిగిన.

"ఇప్పటికీ ప్రతి ఆట పాతదానికీ కొత్తదానికీ తీస్తాన్రు. ఎందుకు? జనం ఇండ్లల్ల పాతదే ఉన్నది గనక. కంపెనీ పాతదాన్ని ఇడిసిపెట్టిన నాడు నేను ఇడుస్త. జర ఆగు," అన్నడు భాయ్.

చివరికి, మేమంత ఎదురుచూసిన ఫుట్‌బాల్ ఆట కొత్తదానికే వచ్చింది. ఆ వారంలనే భాయ్ కొత్త కన్సోల్ తెచ్చిండు. అటు పోయినోళ్లల్ల కొందరే తిరిగొచ్చిన్రు.

తెర మీద ఆట జోరుగ సాగుతాంది. భాయ్ వచ్చి కొత్తదాని మీద అరచెయ్యి పెట్టిండు. దాని వేడంత వెనకనుంచే పోతది, పైన చల్లగుంది. పక్కన బంద్ చేసి పెట్టిన పాతదాని మీద పెట్టిండు. అదీ చల్లగనే ఉంది.

చెయ్యి తీసి, "నడుస్తాందా?" అని మమ్మల్ని అడిగిండు.