నీళ్లిచ్చే ముందు కాసేపు

సూర్యాపేటలో, మాటలు ఆలస్యమైన పిల్లల కేంద్రంలో నా పని నేర్పడం కాదు. మేం చెప్పిన పద్ధతిని ఇళ్లలో చెప్పినట్టే చేస్తున్నారో లేదో చూసి రావడం. అందుకే కోదాడకో మిర్యాలగూడకో బస్సెక్కేదాన్ని.

మిర్యాలగూడలో రైస్‌మిల్లుల వైపు ఒక ఇంట్లో నాలుగేళ్ల పాపకు ఇంకా మాట రాలేదు. దాహమైతే పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్లేది. మేం చెప్పింది చిన్న పనే. గ్లాసు పాపకు కనిపించేలా పట్టుకుని కాసేపు ఆగాలి. నోట్లోంచి ఏ చప్పుడొచ్చినా వెంటనే ఇచ్చెయ్యాలి.

నేను కూర్చున్నంతసేపు తల్లి చక్కగా ఆగేది. అయినా వారాలు గడిచాయి, పాపలో మార్పు లేదు. ఒకసారి బస్సు తొందరగా దొరికి ముందే చేరుకున్నాను. తల్లి పెరట్లో బట్టలు ఉతుకుతోంది. పాప బిందె వైపు చూసిందో లేదో, నాయనమ్మ గ్లాసు ముంచి నోటికి అందించింది.

నన్ను చూసి ఆమేమీ తడబడలేదు. "దూపైన పిల్లను ఆడిపియ్యాల్నా బిడ్డా? గది నాతోని కాదు."

ఆమె బాధ నాకు అర్థమైంది. తప్పని చెప్పబుద్ధి కాలేదు. "నేనెప్పుడో ఒకసారి వస్తానమ్మా. మీ కోడలు సరిగ్గా ఆగుతోందో లేదో రోజూ మీరే చూడాలి" అన్నాను.

ఆ పని ఆమెకు బాగా నచ్చింది. తర్వాత వెళ్లినప్పుడు గడపలో కూర్చుని కోడలిని గదమాయిస్తోంది. "గంత జల్ది ఇచ్చినవేంది? జర ఆగు, పిల్లను అడగనియ్యి."

"మీరు ఆగుతున్నరా అత్తమ్మా?" కోడలు నవ్వింది.

నాయనమ్మ లేచి గ్లాసు అందుకుంది. పాప ఆమె కొంగు లాగింది, కాళ్లు నేలకేసి కొట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ చెయ్యి కదల్లేదు. చివరికి పాప గ్లాసు వైపు చూస్తూ "నీ" అంది.

ఇచ్చే తొందరలో సగం నీళ్లు పాప గౌను మీద ఒలికాయి. "నీళ్లన్నది, ఇన్నవా?" అని నాయనమ్మ కోడలిని అడిగింది, తర్వాత నన్ను అడిగింది. మళ్లీ గ్లాసు ముంచింది. పాప మళ్లీ "నీ" అంది, మళ్లీ తాగింది.

"ఇగ చాలు అత్తమ్మా, కడుపు ఉబ్బుతది" అంటోంది తల్లి. నాయనమ్మ అప్పటికే ఇంకో గ్లాసు నింపుకుంటోంది.